స్థలపురాణమా, కైఫీయత్తా? – తెలుగు దూరదర్శన్‌లో ఊరి చరిత్ర కథనాలు: ఒక పరిశీలన

2014లో రాష్ట్రం రెండైనప్పుడు దూరదర్శన్ తెలుగు ఛానెల్ కూడా రెండైంది. అప్పటిదాకా హైదరాబాదు కేంద్రానికి ఉన్న సప్తగిరి అనే పేరు విజయవాడకు వెళ్ళింది. హైదరాబాదు ఛానెల్‌కు యాదగిరి అని కొత్త పేరు పెట్టారు. ఒకటి తిరుమల ఏడు కొండలు, రెండవది నరసింహస్వామి గుట్ట. మరాఠీ ఛానెల్‌కు సహ్యాద్రి అనీ, కన్నడ ఛానెల్‌కు చందన అనీ పేర్లున్నాయి. వాటిలో ఒకటి పర్వతశ్రేణి, మరొకటి చెట్టు. తెలుగువారి రెండు ఛానెళ్ళకు మాత్రం పుణ్యక్షేత్రాలే గుర్తులయ్యాయి. కృష్ణ, మంజీర, పెన్న, వంశధార వంటి నదుల పేర్లు గాని, ఒక పంట పేరు గాని, ఒక పాత పట్టణం పేరు గాని ఎంపిక కాలేదు. పేరును బట్టి కార్యక్రమాల విలువ కట్టడం తొందరపాటే అవుతుంది. అయినా ఒక ప్రాంతాన్ని చెప్పడమంటే అక్కడ వెలసిన దైవాన్ని చెప్పడమే అన్న అలవాటు ఆ పేర్ల దగ్గర ఆగలేదు. స్థానిక చరిత్రను గురించి ప్రభుత్వ టెలివిజన్ తెలుగులో నిర్మించిన కథనాల నిర్మాణంలోనే అది ఇమిడి ఉంది. ఆ నిర్మాణానికి మూలం ఎక్కడుంది, దానికి ప్రత్యామ్నాయం తెలుగు సంప్రదాయంలోనే ఉందా అన్నవి ఈ వ్యాసంలో చర్చనీయాంశాలు.

ఊరిని గురించి చెప్పడానికి తెలుగులో రెండు పాత పద్ధతులున్నాయి. మొదటిది స్థలపురాణం. అందులో ఊరికి ఒకే పుట్టుక ఉంటుంది: ఒక ఋషి తపస్సు, ఒక పుట్ట, ఒక కల, స్వయంభువైన మూర్తి. ఆ తరువాత జరిగినదంతా ఆ మూల ఘట్టానికి మహిమాపూర్వకమైన కొనసాగింపే. రాజులు వస్తారు, గోపురాలు కడతారు, పోతారు. ఊళ్ళో ఉన్నవాళ్ళు భక్తులుగానే కనబడతారు; రైతులుగా, చాకళ్ళుగా, సాలెవాళ్ళుగా కనబడరు. రెండవది కైఫీయత్తు. మాట అరబ్బీ నుంచి వచ్చింది. స్థితిగతులు, జరిగిన తీరు అని అర్థం. కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి సేకరించిన ఈ రచనల్లో దేవుడు లేకపోలేదు. ఊరి పేరు ఎలా వచ్చిందన్న ఐతిహ్యంతోనే అనేక కైఫీయత్తులు మొదలవుతాయి. అయితే అక్కడితో ఆగవు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ దేవాలయానికి ఎంత మాన్యం, మిరాశీ ఎవరిది, ఏ ప్రభుత్వంలో ఆ మాన్యం జప్తు అయింది, ఊరికి పొలిమేరలు ఏవి, ఏ తోటలున్నాయి, ఊరు ఎప్పుడు పాడుపడి మళ్ళీ ఎవరివల్ల నిలిచింది – ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. పరస్పర విరుద్ధమైన విషయాలు పక్కపక్కనే నిలిచిపోతాయి. వాటిని సమన్వయపరచాలన్న ఆత్రం రాసినవాడికి ఉండదు.

కైఫీయత్తును ఇక్కడ ఆదర్శంగా నిలబెట్టడం ఉద్దేశం కాదు. అది ప్రధానంగా కరణం గొంతు. తన మిరాశీని పై అధికారి ముందు నిలుపుకోవాలన్న ప్రయోజనం అందులో దాగి ఉంటుంది. మాలపల్లె దాకా ఆ కలం వెళ్ళడం అరుదు. కాని చెప్పేవాడు ఎవరో, ఏ స్థానం నుంచి చెబుతున్నాడో కైఫీయత్తు దాచదు. స్థలపురాణంలో వక్త సూతుడు. అతనికి ఊరు లేదు. ఈ తేడా టెలివిజన్ విషయంలో నిర్ణాయకమైనది.

తెలుగు గ్రామానికి టెలివిజన్ రావడమే ఒక ప్రయోగంగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సైట్ పేరుతో సాగిన ఉపగ్రహ బోధన ప్రయోగంలో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు నాలుగు భాషలలో కార్యక్రమాలు చేరాయి. ఆ భాషల్లో తెలుగు ఒకటి. కార్యక్రమాల నిర్మాణానికి ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో కేంద్రాలు ఏర్పాటు చేశారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకు విజ్ఞానం ప్రధాన విషయాలు. ఈ ప్రయోగం గొప్పదనాన్ని తక్కువ చేయనక్కరలేదు. కరెంటు సరిగా లేని ఊళ్ళలో పంచాయతీ ఆఫీసు ముందో, బడి ముందో పెట్టె చుట్టూ జనం గుమికూడటం ఒక సామాజిక ఘటన. అయితే ఈ కార్యక్రమాలు గ్రామాన్ని నేర్చుకోవలసిన స్థలంగా చూశాయి. ఎరువు ఎలా వెయ్యాలో, బిడ్డకు ఏ టీకా వేయించాలో ఊరికి చెప్పడమే వాటి పని. ఊరు తిరిగి చెప్పగలిగింది ఏమైనా ఉందా అన్న ప్రశ్న ప్రయోగం రూపకల్పనలో బలంగా లేదు. గ్రామాల్లో నివసించి ప్రభావాన్ని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రజ్ఞులు ఊరివాళ్ళ మాటలు విన్నారు, రాసుకున్నారు. కాని ఆ మాటలు తెరమీదికి కాక నివేదికల్లోకి వెళ్ళాయి.

1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. రామంతాపూర్ స్టూడియో నుంచి వెలువడిన కార్యక్రమాలలో ప్రేక్షకుల జ్ఞాపకంలో మిగిలినవి ఎక్కువగా శుక్రవారం చిత్రలహరి, హాస్య ధారావాహికలు, 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ గొంతుతో మొదలైన తెలుగు వార్తలు. స్థానిక చరిత్ర, కళారూపాలు, క్షేత్రాల గురించిన చిన్న చిన్న చిత్రాలు ఆ జ్ఞాపకంలో అంచున ఉంటాయి. ఇందుకు ఒక కారణం నిర్వహణపరమైనది. 1982 ఆగస్టు 15 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం మొదలై రాత్రి ప్రధాన సమయాన్ని తీసుకుంది. ప్రాంతీయ కేంద్రానికి మిగిలిన సాయంకాలపు కొద్ది గంటలలో వ్యవసాయం, మహిళలు, యువజనులు, వార్తలు అన్నీ సర్దుకోవలసి వచ్చింది. అదే కాలంలో పి.సి. జోషి అధ్యక్షతన పనిచేసిన బృందం భారతీయ టెలివిజన్‌కు సొంత వ్యక్తిత్వం కావాలనీ, వికేంద్రీకరణ లేకుండా అది రాదనీ వాదించింది. సిఫారసులు గ్రంథాలయాల్లో ఉన్నాయి.

రెండవ కారణం కథనానికి సంబంధించినది. సాహిత్య విమర్శకు పని ఇక్కడే ఉంది. ఊరి చరిత్ర చెప్పే దూరదర్శన్ చిత్రానికి స్థిరపడిన ఒక మూస ఏర్పడింది. మొదట కొండ, లేదా ఏటి మీద సూర్యోదయం. వీణ, లేదా వేణువు. ఆపైన కనిపించని వ్యాఖ్యాత గొంతు. గాలిగోపురం నుంచి గర్భాలయం దాకా కెమెరా ప్రయాణం. పూజారి ఐతిహ్యం చెబుతాడు. స్థానిక కళాశాల అధ్యాపకుడు శాసనం చూపి శకసంవత్సరం చెబుతాడు. ఊరి జనం నీళ్ళు మోస్తూ, మగ్గం నేస్తూ, బండి తోలుతూ కనిపిస్తారు, కాని మాట్లాడరు. మాట్లాడినా వ్యాఖ్యాత చెప్పినదాన్ని బలపరచే రెండు వాక్యాలతో సరి. అంటే పద్యం వ్యాఖ్యాతది, ఊరివాడిది వంతపాట. బుర్రకథలో వంతకు ఇంతకన్న ఎక్కువ స్వేచ్ఛ ఉంటుంది: బుర్రకథ వంతగాడు కథకుణ్ణి ఆపి ప్రశ్నిస్తాడు, ఎగతాళి చేస్తాడు, నేటి సంగతి ఎత్తుకుంటాడు. ఊరి కళనే చిత్రీకరించిన మాధ్యమం ఆ కళలోని సంభాషణ నిర్మాణాన్ని తన వ్యాఖ్యానంలోకి తెచ్చుకోలేకపోయింది.

వ్యాఖ్యానపు భాష మరీ గమనించదగినది. అది వార్తల శిష్టవ్యావహారికానికీ పాఠ్యపుస్తక వచనానికీ మధ్యస్థంగా ఉంటుంది. కోటలు గత వైభవానికి సాక్ష్యాలవుతాయి, ఊళ్ళు శిల్పకళకు కాణాచులవుతాయి, మిగిలినవన్నీ కాలగర్భంలో కలిసిపోతాయి. ఈ చివరి మాట అమాయకమైనది కాదు. వ్యాకరణరీత్యా అందులో కర్త లేడు. చెరువు కాలగర్భంలో కలిసిందంటే దాన్ని పూడ్చినవాడి పేరు చెప్పనక్కరలేదు. నేతగాళ్ళ వాడ కాలగర్భంలో కలిసిందంటే నూలు ధరను గాని, మిల్లు గుడ్డను గాని, సూరత్‌కూ భీవండీకీ సాగిన వలసలను గాని చెప్పనక్కరలేదు. కైఫీయత్తు ఇలాంటి చోట కర్తను తప్పకుండా పెడుతుంది: ఫలానా అమల్దారు, ఫలానా ఫసలీలో, ఇంత మాన్యం జప్తు చేశాడు. కరణం స్వార్థం వల్లనైనా అక్కడ క్రియకు కర్త ఉన్నాడు.

పోచంపల్లిని ఉదాహరణగా తీసుకుంటే సమస్య తేటపడుతుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడ ఉండగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానం ప్రకటించాడు. ఊరి పేరుకు ముందు భూదాన్ చేరింది. దృశ్యకథనానికి ఇంతకన్న అనువైన మూలఘట్టం దొరకదు. ఋషి వచ్చాడు, వరం లభించింది, ఊరు పుణ్యస్థలమైంది. స్థలపురాణం ఆధునిక వేషంలో పూర్తయింది. కాని వినోబా ఆ జిల్లాకు రావడానికి కారణమైన రైతాంగ సాయుధ పోరాటం ఆ ఏప్రిల్ నాటికి ఇంకా ముగియలేదు. అక్టోబరులో గాని దాన్ని విరమించలేదు. దానం అడిగినది ఆ ఊరి దళితులన్న సంగతి దాత పేరు చెప్పినంత గట్టిగా చెప్పరు. ఇక ఊరికి దేశవిదేశాల్లో పేరు తెచ్చిన చిటికీ నేత ఆ నేలలో స్వయంభువు కాదు. తేలియా రుమాళ్ళ చీరాల నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ఆ ప్రాంతానికి చేరిన విద్య. దానం, పోరాటం, వలస వచ్చిన నేత మూడూ ఒకే ఊరివి. మూడింటికీ మూడు గొంతులు కావాలి. ఒకే వ్యాఖ్యాత మూడింటినీ చెప్పినప్పుడు దానం కథ అవుతుంది, పోరాటం ఒక ఉపవాక్యమవుతుంది, నేత నేపథ్యదృశ్యమవుతుంది.

ఊరు తెరకెక్కడంలో భాష ఎంత కోల్పోతుందో తెలియడానికి అమరావతి మరొక నిదర్శనం. సత్యం శంకరమంచి అమరావతి కథలు ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వెలువడి, 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాయి. వాటిని శ్యామ్ బెనెగల్ 1990ల మధ్యలో దూరదర్శన్ కోసం హిందీ ధారావాహికగా తీశాడు. ఆ కథల్లో గుడీ కృష్ణా కథావస్తువులు కావు, ఊరి మనుషుల ఆకలికీ అహంకారానికీ సాక్షులు మాత్రమే. శంకరమంచి స్థలపురాణపు చోటునే తీసుకొని లోపల మనుషుల కైఫీయత్తు రాశాడని చెప్పవచ్చు. తిరుమలగిరిలో పుట్టి, సైట్ కాలంలో పిల్లల కోసం చిత్రాలు తీసిన బెనెగల్ ఈ వస్తువుకు పరాయివాడు కాడు. ఊరిపట్ల అతని కెమెరాకు గౌరవముంది. వీధి వీధిగానే, రేవు రేవుగానే కనబడుతుంది. కాని కథలోని ప్రాణం గుంటూరు సీమ వాక్యపు విరుపులో ఉంది. పాత్రలు హిందీలో మాట్లాడిన క్షణంలో అమరావతి భారతదేశంలోని ఏదో ఒక నదీతీర గ్రామమవుతుంది. జాతీయ ప్రసారానికి అది అవసరమే కావచ్చు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరు: ఆ స్థాయి వనరులతో, ఆ స్థాయి దర్శకుడితో అదే పనిని తెలుగులో చేయించే వెసులుబాటు ప్రాంతీయ కేంద్రానికి ఎందుకు లేకపోయింది? ఊరు ఢిల్లీ గుండా వెళ్ళి అనువాదంగా తిరిగి రావలసి వచ్చింది.

ప్రభుత్వ వ్యవస్థలో ఇది అసాధ్యమనుకోవడానికి వీల్లేదు. గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 1975 నుంచి 1985 వరకు పిజ్ గ్రామంలోని తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్ ద్వారా సాగిన ప్రసారాల్లో కులం, కూలి రేట్లు, స్త్రీల స్థితి వంటి విషయాలను ఆ జిల్లా మాటల్లోనే, ఆ జిల్లా మనుషులతోనే నాటకీకరించారు. 1984లో యునెస్కో ఆ ప్రయోగాన్ని గ్రామీణ ప్రసార పురస్కారంతో గుర్తించింది. మరుసటి సంవత్సరమే అది మూతబడింది. హైదరాబాదు కేంద్రం సైట్ వారసత్వంతోనే మొదలైనా దానికి పిజ్ వంటి జిల్లా స్థాయి ఒరవడి ఏర్పడలేదు. రాష్ట్ర రాజధానిలోని స్టూడియోయే శ్రీకాకుళానికీ ఆదిలాబాదుకూ అనంతపురానికీ స్థానికమని అనుకోవలసి వచ్చింది.

స్థానికుడి గొంతు వినిపిస్తే చాలు, చరిత్ర సరిపోతుందన్న వాదన కూడా నిలవదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరపు ప్రజా టెలివిజన్ కేంద్రం డబ్ల్యూ.క్యూ.ఇ.డి. కోసం రిక్ సెబాక్ తీసిన చిత్రాలు ఈ కోవలో ప్రసిద్ధమైనవి. వాటిలో వ్యాఖ్యాత నిర్మాతే. ఊరివాడిగానే, ఇరుగుపొరుగుతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఇప్పుడు లేని వాటి గురించి 1990లో అతను తీసిన చిత్రంలో మూతబడిన వినోదవనాలు, కూల్చేసిన బేస్‌బాల్ మైదానం సామాన్యుల జ్ఞాపకాల్లోంచి తిరిగి లేస్తాయి. జనం మాటకు ఇక్కడ పూర్తి గౌరవముంది. అయినా ఉక్కు కర్మాగారాలు మూతబడి వేలమంది వీధిన పడిన నగరంలో, లేకుండా పోయిన వాటి కథ తియ్యని జ్ఞాపకాల వైపే మొగ్గుతుంది. కర్తలేని వాక్యం గ్రాంథికంలోనే పుట్టనక్కరలేదు, ముచ్చట్లలోనూ పుడుతుంది.

కాబట్టి గొంతుతో పాటు చూపును కూడా విచారించాలి. ఇందుకు పరిభాష ఎక్కడో వెతకనక్కరలేదు, జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లోనే ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత స్త్రీలు, వారిలో అనేకులు చదువు రానివారు, వీడియో కెమెరా నేర్చుకొని తమ పంటల గురించి, విత్తనాల గురించి, వరంగల్లు రైతులకు బి.టి. పత్తితో కలిగిన నష్టం గురించి చిత్రాలు తీశారు. కెమెరా కోణాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు చలనచిత్ర విమర్శలో చేరవలసినవి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. గడీ అరుగు మీద కూర్చున్న దొర చూపు అది. నేల మీద కూర్చున్న జీతగాడు తలెత్తి చూసే చూపుకు వేరే పేరు. కంటికి కన్ను సమంగా నిలిపినది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనుక. సాంకేతిక శిక్షణలో లో యాంగిల్, హై యాంగిల్ అని తటస్థంగా చెప్పే విషయాన్ని వీళ్ళు సామాజిక సంబంధంగా గుర్తించారు. ఇది అనువాద పరిభాష కాదు, అనుభవంలోంచి పుట్టిన లక్షణశాస్త్రం.

ఈ లక్షణాన్ని దూరదర్శన్ చిత్రాలకు అన్వయిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. గోపురాన్ని, కోటను, విగ్రహాన్ని కెమెరా కిందినుంచి తలెత్తి చూస్తుంది. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాణ్ణి, నాటు వేసే కూలీని పైనుంచి వంగి చూస్తుంది. రాతికి జీతగాడి చూపు, మనిషికి పటేలు చూపు. నిర్మాతల్లో ఎవరూ ఉద్దేశపూర్వకంగా ఇలా చేయలేదు. మగ్గం గుంటలో ఉంటుంది కనుక కెమెరా పైన ఉంటుందన్నది వారి సమాధానం కావచ్చు. పస్తాపూర్ స్త్రీలైతే గుంట అంచున కూర్చుంటారు. వ్యత్యాసం మూడడుగులది, చరిత్రను ఎవరు చెబుతున్నారన్నది ఆ మూడడుగుల్లో తేలుతుంది.

పలుకుబడి విషయంలోనూ ప్రజా ప్రసార సంస్థ వెనకబడింది. తెలంగాణ మాటను వినోదంగానో, విదూషక పాత్రకో కాక వార్తలకు వాడవచ్చునని విస్తృత ప్రేక్షకులకు చూపినది వి6 తీన్మార్ వార్తలు; అది ప్రైవేటు ఛానెల్. ఆ కార్యక్రమపు హాస్యధోరణి మీద అభ్యంతరాలుండవచ్చు. అయినా లాభాపేక్ష లేని సంస్థ చేయవలసిన పనిని మార్కెట్టు ముందు చేసిందన్న వాస్తవం మిగులుతుంది. రెండు ఛానెళ్ళుగా విడిపోయాక యాదగిరి, సప్తగిరి రెండింటికీ జిల్లా పలుకుబడిని వ్యాఖ్యానభాషగా స్వీకరించే అవకాశం వచ్చింది. ఉత్తరాంధ్ర, రాయలసీమ మాటలు కళారూపాల పరిచయంలో పాటగా వినిపిస్తాయి. పాట ఆగగానే వ్యాఖ్యానం పాత శిష్టభాషలోకి తిరిగి వెళుతుంది. వింటున్నవారికి సందేశం స్పష్టం: మీ మాట పాడటానికి పనికివస్తుంది, వివరించడానికి కాదు.

ఇంత విమర్శకూ ఆధారం కావలసిన సామగ్రే నేడు అసమగ్రంగా ఉంది. దూరదర్శన్ కేంద్రాల్లో టేపు ఖరీదైన వస్తువుగా ఉన్న రోజుల్లో ప్రసారమైనదాన్ని చెరిపి, దానిమీదే మరొకటి చిత్రించడం మామూలు పద్ధతి. మిగిలిన వాటిలో కొన్నింటిని ప్రసార భారతి ఇటీవల అంకరూపంలోకి మార్చి యూట్యూబులో ఉంచుతోంది. ఇది మెచ్చుకోవలసిన పని. కాని ఏ చిత్రం ఎప్పుడు తీశారు, వ్యాఖ్యానం ఎవరు రాశారు, తెర మీద మాట్లాడిన ముసలివాడు ఎవరు, ఏ ఊరివాడు అన్న వివరాలు లేకుండా అవి వస్తున్నాయి. ఈ లోటు తెలుగు పరిశోధనకు కొత్త కాదు. మెకంజీ 1821లో మరణించాక ఆ సేకరణ చాలాకాలం చెదపురుగుల పాలైంది. శిథిలమవుతున్న స్థానిక చరిత్రలకు సి.పి. బ్రౌన్ లేఖకులను పెట్టి ప్రతులు రాయించడం వల్ల అనేకం దక్కాయి. కడపలో బ్రౌన్ పేరిట ఉన్న పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా ప్రచురించగలిగింది. ఆ సంపుటాల్లో ప్రతి ఊరి పేరూ విషయసూచికలో ఉంటుంది.

దూరదర్శన్ చిత్రాలకు అలాంటి సూచిక తయారు చేయడం ప్రసార సంస్థ ఒక్కదాని పని కాదు. తెలుగు శాఖల్లో స్థలనామాల మీద, మాండలికాల మీద, జానపద కళారూపాల మీద సిద్ధాంత గ్రంథాలు వెలువడుతూనే ఉన్నాయి. వాటికి క్షేత్రపర్యటనలో దొరికే వక్తల్లో కొందరు ముప్పై నలభై ఏళ్ళ కిందట కెమెరా ముందు నిలబడినవారే. వారి చేతనే ఆ పాత చిత్రాలు చూపించి, ఎవరు ఎవరో, ఏ వీధి ఏదో, వ్యాఖ్యాత వదిలేసినది ఏమిటో చెప్పించి రాసుకుంటే దృశ్యానికి కైఫీయత్తు తయారవుతుంది. చిత్రంలో మౌనంగా మగ్గం నేసిన మనిషి, లేదా అతని కొడుకు, ఇప్పుడు మాట్లాడటానికి అందుబాటులో ఉండవచ్చు. వ్యాఖ్యానం ఆపి, శబ్దం తగ్గించి చూపితే సరిపోతుంది.